కోపం గడిలో సున్నా

ఫిబ్రవరి 10, సోమవారం

రోజూ ఏదో ఒకటి రాయమన్నాడు నరాల డాక్టర్. చేతికి కసరత్తు అట. ఎవరూ చదవరు, ఎవరికీ చూపించక్కర్లేదు, అక్షరం కుదురుతోందో లేదో మీరే చూసుకోండి అన్నాడు. ఈ నాలుగు ముక్కలకే ఇరవై నిమిషాలు పట్టింది. కోడి గీకినట్టుంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

మాత్ర మొదలు. రోజుకు మూడు.

ఫిబ్రవరి 13, గురువారం

ముప్పై ఏళ్ళు జనం గడ్డాలు గీసిన చెయ్యి ఇది. నాలుగేళ్ళ క్రితం వణుకు పట్టుకుంది. వణికే చేతికి పీక అప్పగించే మగాడు ఎవడుంటాడు? సెలూన్ షట్టర్ దించి ఇంట్లో కూర్చున్నాను. మా ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరింది. ఈ కొత్త మందు పరిశోధన సంగతి అక్కడే విని, పేరు రాయించిందీ తనే.

రెండు వారాలకోసారి సోమవారం వెళ్ళాలి. నన్ను నడిపిస్తారు, గీతలు గీయిస్తారు. మా ఆవిడకి ఒక కాగితం ఇస్తారు. 'ఈ మనిషిలో ఇంతకుముందు ఎప్పుడూ చూడనిది ఏదైనా కొత్తగా కనిపిస్తోందా?' అని పైన రాసి ఉంటుంది. కింద నిద్ర, ఆకలి, మతిమరుపు, కోపం అని గడులు. ఏమీ లేకపోతే సున్నా, మరీ ఎక్కువైతే నాలుగు. రోగి చెప్పేది నమ్మరట, పక్కనున్నవాళ్ళు చెప్పేదే నమ్ముతారట. నలభై ఏళ్ళు దాటిన మొగుళ్ళందరికీ పెళ్ళాలే పరీక్ష పేపర్లు దిద్దుతున్నారన్నమాట.

ఫిబ్రవరి 26, బుధవారం

ఈ రోజు టీ గ్లాసు ఒంటిచేత్తో ఎత్తాను. ఒక్క బొట్టు ఒలకలేదు!

మా ఆవిడని పిలిచి చూపించాను. చూసింది. "మంచిదేగా" అంది. అని లోపలికి వెళ్ళి అప్పటికే మడతపెట్టి ఉన్న బట్టల్ని విప్పి మళ్ళీ మడతపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు ముద్దలు కలిపి పెట్టినదానికి ఆ మాత్రం సంతోషం ఉండదా?

అమ్మాయికి ఫోన్ చేశాను. "బుజ్జీ, చెయ్యి నిలబడిందే" అన్నాను.  "అమ్మకివ్వు నాన్నా" అంది. అంతే.

మార్చి 4, మంగళవారం

షాపు తీశాను. అద్దాలు తుడిచాను, కత్తి తోలుపట్టా మీద పదునుపెట్టాను. ఆ చప్పుడు విని నాలుగేళ్ళైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచడమెందుకు. మొదట వచ్చింది రిటైరైన పోస్టుమాస్టర్. కుర్చీలో కూర్చుని, "వీలునామా రాసే వచ్చానయ్యా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఒక్క గాటు పడలేదు.

మార్చి 9, ఆదివారం

అద్దం పగిలింది. ఇంట్లోది.

మార్చి 10, సోమవారం

ఆసుపత్రి. పది వృత్తాలు గీశాను, పదీ గుండ్రంగా వచ్చాయి. మా ఆవిడ కాగితంలో నిద్రకి రెండు వేసింది, నిజమే, తెల్లారకముందే మెలకువ వచ్చేస్తోంది. ఆకలికి ఒకటి. కోపానికి సున్నా. సిస్టర్ పైకే చదివింది. నేను మా ఆవిడ వైపు చూశాను. తను గోడ వైపు చూస్తోంది.

మార్చి 21, శుక్రవారం

పాతసామాన్ల కొట్టులో తూకం వేసేవాడు వచ్చాడు. నురగ రాసిందాకా మూసుకుని కూర్చున్నాడు. కత్తి గొంతు మీదకి రాగానే, "అన్నా, కాస్త చూసి, నాకు పిల్లలున్నారు" అన్నాడు. వెనక బెంచీ మీదవాళ్ళు పకపకా నవ్వారు. ఒకడు చెయ్యి గాల్లో ఆడించి చూపించాడు. అద్దంలో కనబడింది.

తూకంవాడి జుట్టు పట్టి తల వెనక్కి వంచాను. దవడ కింద, చెవికి కొంచెం ఇవతల, చర్మం పలుచగా ఉంటుంది. కత్తి అక్కడ పెట్టి ఆపాను. వాడి గుండె కొట్టుకోవడం పిడి దాకా తెలుస్తోంది. "ఇప్పుడు నవ్వు" అన్నాను. నవ్వలేదు. ఎవడూ నవ్వలేదు. ఎంతసేపు ఆపానో తెలియదు. తరవాత వాడు కదిలాడు, గీరుకుంది. నురగలోంచి ఎర్రగా కారి కాలరు తడిసింది.

వాడే కదిలాడు.

మార్చి 30, ఆదివారం

కత్తులు బీరువా పైన, పాత దుప్పట్ల వెనక దొరికాయి. షాపు నుంచి పదునుకని ఇంటికి తెచ్చిన మూడూ. గంటన్నర వెతికాను. తను కూడా నాతో పాటే వెతికినట్టు నటించింది. మంచం కింద వంగి చూసింది కూడా!

ఎందుకు దాచావు అంటే మాట్లాడదు. నోట్లో బెల్లం కరుగుతున్నట్టు నిలబడుతుంది. ఆ నిలబడడం చూస్తే నాకు తల తిరిగిపోతుంది. ఒకటి వేశాను. తలుపుకి కొట్టుకుంది. "ఎందుకు దాచావే?" అన్నాను. రెండోది. మూడోది.

రాయకూడదు గాని రాస్తున్నాను, ఎవరూ చదవరు కదా. కొట్టాక భయం వేయలేదు. చేతిని చూసుకున్నాను. ఎక్కడ పడాలనుకున్నానో అక్కడే పడింది.

తరవాత తనకి తడిగుడ్డ నేనే తెచ్చి ఇచ్చాను.

ఏప్రిల్ 7, సోమవారం

కోపం: సున్నా.

ఇంటికి వచ్చాక అడిగాను. "చూశావా, సున్నా. నువ్వే వేశావు. నేను వేయించానా?"

"లేదండీ."

"పక్కన నిలబడి బెదిరించానా?"

"లేదండీ."

మరి ఇంక గొడవేముంది?

ఏప్రిల్ 8, మంగళవారం

ఏడు గడ్డాలు, నాలుగు క్రాఫులు. చెయ్యి రాయిలా ఉంది.

ఏప్రిల్ 19, శనివారం

బాత్రూంలో జారింది. ఎడమచెయ్యి.

ఏప్రిల్ 20, ఆదివారం

జారలేదు. నా పుస్తకంలో నాకే అబద్ధమెందుకు.

షట్టర్ దించే ఇనపచువ్వ వంగిందని ఇంటికి తెచ్చి సరిచేస్తున్నాను. ఫోన్ మోగింది. నా బావమరిది, తన తమ్ముడు. వాడు మా గడప తొక్కి పద్దెనిమిదేళ్ళైంది, నాతో మాట కూడా ఉండదు. తను ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళి గుసగుసగా మాట్లాడింది. "వద్దులేరా, ఇప్పుడొద్దు" అన్న మాట వినబడింది. ఏది వద్దు? లోపలికి రాగానే అడిగాను. "ఏం లేదండీ, వాడి పిల్లల గురించి" అంది. కళ్ళలోకి చూసి మరీ అంది.

చువ్వ చేతిలోనే ఉంది. నేను తలకే ఎత్తాను. అదే నిజం. తను మొహానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు కూడా రాలేదు. తను నేలమీద కూర్చుని చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని దానివంకే చూసింది. కేక వేయలేదు. అరిచుంటే ఆగేవాడినేమో. చువ్వతో గోడని, కుర్చీని, నీళ్ళ బిందెని కొట్టాను. బిందెలో నీళ్ళన్నీ గదంతా పారాయి. ఆ నీళ్ళలోనే తనని నేను లేపి ఆటో ఎక్కించాను.

ఎముకల డాక్టర్ ఎక్స్‌రే ఫోటో తీయించాడు. "ఎలా జరిగింది?" అన్నాడు. "బాత్రూంలో జారానండి" అంది తనే. అతను ఫోటో వైపు, తన వైపు, తరవాత నా వైపు చూశాడు. నా చెప్పులు ఇంకా తడిగానే ఉన్నాయి.

మే 5, సోమవారం

మందు పరిశోధన మొదటి దశ అయిపోయిందట. పదిహేడున పెద్ద హాల్లో సభ. ఈ ఏడాది ఆసుపత్రిలో అన్ని విభాగాలవాళ్ళూ కనిపెట్టినవన్నీ చదువుతారట. నరాల డాక్టర్ నన్ను వేదిక మీదకి రమ్మన్నాడు. అంకెలు చూపిస్తే జనం ఆవులిస్తారు, మీ చెయ్యి చూపిస్తే లేచి నిలబడతారు అన్నాడు. ఏం చేసి చూపించను అంటే ఆలోచనలో పడ్డాడు. నేనే చెప్పాను. బెలూన్‌కి నురగ రాసి కత్తితో గీస్తాను, పగలకుండా. పని నేర్చుకునేటప్పుడు మా గురువు నాతో అదే చేయించాడు, పగిలితే చెవి మెలిపెట్టేవాడు. డాక్టర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

తరవాతి దశలో మూడు వందల మందికి ఇస్తారట ఈ మందు.

కోపం: సున్నా. కట్టు ఎడమచేతికి కాబట్టి రాయడానికి ఇబ్బంది లేదు తనకి.

మే 17, శనివారం

మొదటి వరుసలో కూర్చోబెట్టారు మమ్మల్ని. మా ఆవిడ కట్టు మీద శాలువా కప్పుకుంది.

గుండె డాక్టర్ మొదట లేచాడు. తన రోగులకి మందు సగం చేసినా మునుపటిలాగే బతికారని నలభై నిమిషాలు చెప్పాడు. సగం మందు చాలన్న మనిషికి సగం మాట చాలలేదు. కళ్ళ డాక్టరమ్మ రోజుకి నాలుగుసార్లు వేసే చుక్కలు రెండుసార్లు వేసినా చాలని చెప్పి చకచకా దిగిపోయింది. చర్మం డాక్టర్ పాపం తన కొత్త లేపనం పాత లేపనం కన్నా ఏమాత్రం గొప్పది కాదని తేలిందన్నాడు. మూడేళ్ళు కష్టపడి ఆ మాట చెప్పడానికి గుండెధైర్యం కావాలి. నాకు అతనే నచ్చాడు.

తరవాత ఎముకల డాక్టర్. అదే మనిషి. పదేళ్ళలో ముంజెయ్యి విరిగి వచ్చిన ఆడవాళ్ళ ఫోటోలన్నీ బయటికి తీసి చూశాడట. తెర మీద చెయ్యి ఫోటో వేశాడు. "కింద పడ్డవాళ్ళు అరచెయ్యి ఆనిస్తారు, మణికట్టు దగ్గర విరుగుతుంది. ఇదిగో ఇక్కడ, చిటికెనవేలి వైపు ఎముక ఒక్కటే, నడిమధ్య విరిగితే అది పడడం కాదు. మీద పడే దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టడం" అన్నాడు. తన చెయ్యి మొహానికి అడ్డంగా ఎత్తి చూపించాడు.  "ఇలా విరిగినవాళ్ళలో చాలామంది జారిపడ్డామనే చెప్పారు. మేమూ జారిపడ్డారనే రాసుకున్నాం. ఇకనుంచి అడగాలి. ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి."

నా నెత్తురు సలసల కాగింది. ఆ వేదిక ఎక్కి వాడి తలని ఆ బల్లకేసి కొట్టాలనిపించింది, పళ్ళు రాలేదాకా. నా పక్కన శాలువా కింద ఏదీ కదల్లేదు. సిస్టర్ మాత్రం వరుస చివర నుంచి ముందుకి వంగి మా వైపే చూస్తోంది.

అప్పుడే నన్ను పిలిచారు.

నరాల డాక్టర్ తెర మీద అంకెలు వేశాడు. వణుకు ఇంత తగ్గింది. నిద్ర ఇంత. కోపం, స్వభావంలో మార్పు: సున్నా. నేను బెలూన్ పట్టుకున్నాను. ఎర్రది. నురగ రాశాను. కత్తి తెరిచాను. మూడు వందల మంది ఊపిరి బిగబట్టారు. ఆ ఎముకలవాడి మొహమే అనుకుని పైనుంచి కిందికి, చెంప, దవడ, గొంతు, మెల్లగా గీశాను. పగల్లేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కూడా నిలబడింది. ఒంటిచేత్తో చప్పట్లు ఎలా కొడుతుంది, ఊరికే నిలబడింది.

మే 18, ఆదివారం

పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను. ఎందుకు తట్టలేదో ఇన్నాళ్ళూ! మాత్రే కదా ఇదంతా. నిద్ర పోగొట్టింది, ఆకలి పెంచింది, కోపం మాత్రం పెంచదా? నా బుర్రలోకి నిప్పు పోసింది ఆ మాత్రే. తూకంవాడి గొంతు మీద కత్తి ఆపింది నేను కాదు. చువ్వ ఎత్తింది నేను కాదు. పాపం మా ఆవిడ మాత్ర కొట్టిన దెబ్బలు తింది. భయపడి సున్నాలు వేసింది.

గుండెల మీది బరువు దిగినట్టుంది. రేపు నేనే చెప్పేస్తాను. వాళ్ళు అడిగేలోగా.

మే 19, సోమవారం

సిస్టర్ మా ఆవిడని ఒంటరిగా రమ్మంది. నేను అడ్డం వెళ్ళి, "ముందు నా మాట వినండి" అన్నాను. నరాల డాక్టర్ గదిలో నలుగురం కూర్చున్నాం. అన్నీ చెప్పాను. అద్దం, కత్తి, తలుపు, చువ్వ. "ఈ మాత్ర వల్ల నేను మృగమైపోయాను డాక్టర్‌గారూ. ఆ సున్నాలు తప్పు. మా ఆవిడ నాకు జడిసి వేసింది" అన్నాను. నాకే ఏడుపొచ్చింది.

డాక్టర్ మొహం పాలిపోయింది. ఇకముందు ఈ మందు వేసుకోబోయే మూడు వందల మంది కనబడ్డారేమో కళ్ళముందు. "అమ్మా, ఆయన చెప్పింది నిజమేనా? భయపడి వేశారా?" అన్నాడు.

"కొట్టింది నిజమేనండి" అంది. "సున్నా కూడా నిజమే."

"అదెలా?"

"ఆ కాగితంలో ఏమడిగారండీ? ఇంతకుముందు ఎప్పుడూ చూడనిది కొత్తగా కనిపిస్తే వేయమన్నారు. నిద్ర కొత్త, రెండు వేశాను. ఆకలి కొత్త, ఒకటి వేశాను. కోపం కొత్త కాదు. లేనిది ఉన్నట్టు ఎలా వేస్తానండీ?"

తన గొంతు నాకు తెలియని గొంతులా ఉంది. లాండ్రీలో దుప్పట్లు లెక్క అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. "పెళ్ళైన రెండో నెలలో పన్ను పోయింది. అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు మెట్ల మీంచి తోశారు. దానికి ఆరేళ్ళప్పుడు నాకు పక్కటెముక విరిగింది. ఆపబోయినందుకు మా తమ్ముడి చెవి తెగింది, కత్తితోనే. అప్పటినుంచి వాడు రాడు. ఈ నాలుగేళ్ళే లేదండి. వణుకు వచ్చాక కొట్టబోతే చెయ్యి పక్కకి పోయేది. రెండుసార్లు గోడకి తగిలింది, ఆయనే ఏడ్చారు. తరవాత మానేశారు. ఆ నాలుగేళ్ళూ నేను హాయిగా ఉన్నానండీ."

"మరి ఈ మందుకి పేరు మీరే ఎందుకు రాయించారమ్మా?" అంది సిస్టర్.

"ఆయన స్పూన్ పట్టుకోలేక ఏడుస్తుంటే చూడలేకపోయాను" అంది మా ఆవిడ.

నేను లేచాను. నా కుర్చీ వెనక్కి పడింది. ఎందుకు లేచానో తెలియదు. నా పిడికిలి బిగిసి ఉంది. నలుగురం దాన్నే చూశాం. అది వణకడం లేదు.

డాక్టర్ చాలాసేపు ఏదో రాశాడు. "అంటే మందుకి సంబంధం లేదు" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. ఆ మాట అంటుంటే అతని భుజాలు కిందికి దిగడం చూశాను. తరవాత సిగ్గుపడ్డాడనుకుంటా, తల ఎత్తలేదు. సిస్టర్ మా ఆవిడని పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. గంట కూర్చున్నాను బయట. ఆ గదికి అవతల ఇంకో తలుపు ఉందట.

మే 20, మంగళవారం

మెట్ల సంగతి తప్పు. తోయలేదు. చెయ్యి తగిలింది.

మే 21, బుధవారం

తోశాను.

మే 22, గురువారం

పోస్టుమాస్టర్ వచ్చాడు. గీశాను. "ఇంట్లో అంతా బాగేనా?" అన్నాడు. బాగేనన్నాను.

మే 24, శనివారం

బుజ్జి ఫోన్ చేసింది. అమ్మ తన దగ్గరే ఉందంది. ఇవ్వమంటే ఇవ్వలేదు. నేను తిట్టాను. ఏమేం తిట్టానో రాయను. అంతా విని, "అయిందా నాన్నా?" అంది. "అమ్మ ఒక్క మాట చెప్పమంది. ఆ మాత్ర మానేస్తే వస్తుందట. నేను వద్దన్నాను. అయినా చెప్పమంది."

ఫోన్ గోడకేసి కొట్టాను.

మే 25, ఆదివారం

మానేస్తే పది రోజుల్లో వణుకు తిరిగొస్తుందని సిస్టర్ ఎప్పుడో చెప్పింది. షాపు మూత. ముద్ద తను కలిపి పెట్టాలి. చొక్కా బొత్తాలు తను పెట్టాలి. పెడుతుంది. ఆ నాలుగేళ్ళూ నవ్వుతూనే పెట్టింది, ఇప్పుడు గుర్తొస్తోంది. సాయంత్రాలు నా పక్కనే కూర్చుని, నాకు బాగా దగ్గరగా కూర్చుని, రేడియో వినేది. పాటకి తల ఊపేది. ఎంతో ముచ్చటగా ఉండేది. అది నా జబ్బు చూసి జాలి అనుకున్నాను.

నాకు తను కావాలి. తను లేకపోతే ఈ ఇంట్లో ఊపిరాడడం లేదు. ఇది కూడా నిజమే.

మాత్రల సీసా ముందు పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నాను.

మే 26, సోమవారం

పొద్దుటి మాత్ర వేసుకున్నాను. షాపు తీశాను.